సీసా అడుగున బొడ్డుమచ్చ: ‘పాంటిల్’ అనే మాట ఏం చెబుతుంది, ఏం చెప్పదు

సంక్షిప్తంగా: ఊది చేసే గాజుపనిలో సీసా మూతిని తీర్చిదిద్దేటప్పుడు దాని అడుగుకు తాత్కాలికంగా అతికించే ఇనుప కడ్డీని పాంటిల్ అంటారు. పని ముగిసి కడ్డీని విడగొట్టాక మిగిలే గరుకు మచ్చ పాంటిల్ గుర్తు. వస్తువు ఎలా తయారైందో ఈ గుర్తు చెబుతుంది. ఎప్పుడు తయారైందో మాత్రం ఆ ఒక్క గుర్తును బట్టి తేల్చలేము.

గోదావరి డెల్టాలో పెంకుటిళ్లు విప్పేటప్పుడు అటకల మీద, వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీసినప్పుడు గట్టున పోసిన మట్టిలో, అప్పుడప్పుడు పాత గాజు సీసాలు బయటపడుతుంటాయి. దాదాపు నల్లగా కనిపించే ముదురాకుపచ్చ సీసాలు, నాలుగు పలకల సారా సీసాలు, మెడలో గోలీ ఉన్న సోడా సీసాలు వీటిలో ఉంటాయి. పాత వస్తువులు కొనేవారూ అమ్మేవారూ ఇలాంటి సీసాను తిరగేసి, అడుగున గరుకుగా ఉన్న చోట వేలు పెట్టి, ‘పాంటిల్ గుర్తు ఉంది’ అంటారు. ఆ ఒక్క మాటతో సీసాకు మూడు వందల ఏళ్ల వయసు కట్టేవారు ఉన్నారు. అదే గుర్తును పగులు అనుకుని సీసాను పారేసేవారూ ఉన్నారు. రెండు పొరపాట్లకూ కారణం ఒకటే: ఆ గుర్తు ఏ పనిలో, ఏ క్షణంలో పడుతుందో తెలియకపోవడం.

మాట పుట్టుక, దాని చుట్టూ ఉన్న తికమక

ఇటాలియన్ భాషలో ‘పుంతో’ అంటే మొన. దాని చిన్న రూపం ‘పుంతెల్లో’. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి ‘పాంటిల్’ అయింది. కొలిమి దగ్గర పనిచేసేవారి నోట అదే ‘పంటీ’గా నలిగింది. మ్యూజియం పట్టికల్లో, పురావస్తు రాతల్లో మొదటి రూపం, పనిశాలల్లో రెండో రూపం ఎక్కువగా కనిపిస్తాయి. రెండూ ఒకే కడ్డీకి పేర్లు.

దీనికి తోడు ‘పంట్’ అనే మరో మాట ఉంది. ద్రాక్షసారా సీసా అడుగు లోపలికి నొక్కినట్టు గుంటగా ఉంటుంది కదా, ఆ గుంట పేరు పంట్. పంటీ పనిముట్టు, పంట్ సీసాలో ఒక భాగం. తెలుగులో రాసినప్పుడు ఈ తికమక ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే దీర్ఘం తీసి ‘పంటి’ అని రాస్తే చదివేవారికి ముందుగా తోచేది పన్ను. అందువల్ల తెలుగు రాతల్లో ‘పాంటిల్’ అన్న రూపమే మేలు.

ఆ రెండింటికీ పనిలో ఒక సంబంధం లేకపోలేదు. కడ్డీ విరిచాక మిగిలే మచ్చ పదునుగా ఉంటుంది. అది బల్లకు తగిలితే సీసా కుదురుగా నిలవదు, బల్లను గీస్తుంది కూడా. గాజు మెత్తగా ఉండగానే అడుగును లోపలికి తోసేస్తే మచ్చ గుంటలోకి వెళ్లిపోతుంది, సీసా అంచు మీద నిలబడుతుంది. పాత సీసాల అడుగు గుంటగా ఉండడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

పాకం తెలిసినవారికి గాజు తెలుస్తుంది

పాంటిల్ అవసరం ఎందుకు పడిందో అర్థం కావాలంటే గాజు స్వభావాన్ని ముందు చూడాలి. మంచుకు ఉన్నట్టు గాజుకు కచ్చితమైన కరుగు స్థానం లేదు. చెరకు రసం కాచి బెల్లం వండే డెల్టా పల్లెల్లో ఈ గుణాన్ని వివరించడం తేలిక: లేతపాకం, తీగపాకం, ఉండపాకం అనే దశలు ఒకదానిలోంచి ఒకటి జరుగుతూ వస్తాయి, నడుమ గీత గీసినట్టు హద్దు ఉండదు. గాజు కూడా అంతే. బాగా కాగినప్పుడు తేనెలా జారుతుంది, కాస్త చల్లారితే తీగ సాగుతుంది, ఇంకా చల్లారితే బిగుస్తుంది. ఒక ముఖ్యమైన తేడా మాత్రం ఉంది. పాకం ముదిరేది అందులోని నీరు ఆవిరై పోవడం వల్ల, కాబట్టి మళ్లీ కాచినంత మాత్రాన ముదురుపాకం లేతపాకం కాదు. గాజు ముదిరేది వేడి తగ్గడం వల్లనే కాబట్టి మళ్లీ కాస్తే మళ్లీ లేతబడుతుంది. ఊదుడు పని అంతా ఇలా వెనక్కి మళ్లే గుణం మీదే ఆధారపడి ఉంది.

మామూలు సీసా గాజులో సుమారు 70 శాతం ఇసుక, మిగతాది ప్రధానంగా సోడా, సున్నం. శుద్ధమైన ఇసుక కరగాలంటే 1,700 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి కావాలి. సోడా ఆ వేడి అవసరాన్ని బాగా తగ్గిస్తుంది. సోడా ఒక్కటే కలిపితే గాజు నీటిలో కరిగిపోయే రకం అవుతుంది కాబట్టి దాన్ని నిలబెట్టడానికి సున్నం వేస్తారు. పనివాడు సుమారు 1,100 డిగ్రీల దగ్గర ఉన్న ద్రవంలోంచి గొట్టం కొసకు ముద్ద చుట్టుకుని బయటకు తీస్తాడు. ఆ ముద్ద 700 డిగ్రీలకు దిగేసరికి దాదాపు కదలడం మానేస్తుంది. నడుమ దొరికే వ్యవధి నిమిషాల లెక్క కాదు, సెకన్ల లెక్క. అందుకే పనివాడు మాటిమాటికీ ముద్దను మంట నోట్లో పెట్టి మళ్లీ కాచుకుంటాడు, బరువుకు ఒకపక్కకు జారిపోకుండా గొట్టాన్ని ఆపకుండా తిప్పుతూనే ఉంటాడు.

కుమ్మరి పనితో పోలిక ఇక్కడ ఉపయోగపడుతుంది. సారె మీద కుండను ముందు మూతి వైపు నుంచి తీర్చిదిద్ది, చివరికి దారంతో అడుగు కోసి, ఆరాక తట్టి అడుగు మూస్తారు. మట్టి గంటల తరబడి మెత్తగా ఉంటుంది, దాన్ని కింద పెట్టవచ్చు, బోర్లించవచ్చు, మర్నాడు పని కొనసాగించవచ్చు. గాజుకు ఆ వెసులుబాటు లేదు. అది చేతితో ముట్టలేని వేడిలో ఉన్నంతసేపే పనికి లొంగుతుంది. పైగా వరస తలకిందులు: గాజులో ముందు తయారయ్యేది అడుగు, చివరికి మిగిలేది మూతి.

చేతులు మారే క్షణం

ఊదుడు గొట్టం అతుక్కుని ఉండేది సీసా మూతి దగ్గర. గాలి పోయేదీ అక్కడి నుంచే. పొట్ట ఉబ్బింది, అడుగు చదునైంది, మెడ సాగింది, కానీ మూతి మాత్రం గొట్టం పట్టులో ఉంది. మూతిని పని చేయాలంటే గొట్టాన్ని వదిలించాలి. వదిలిస్తే సీసాను పట్టుకునే ఆధారం పోతుంది. ఈ చిక్కుకు విరుగుడే పాంటిల్.

సహాయకుడు ఒక ఇనుప కడ్డీ కొసకు చిన్న గాజు ముద్ద అద్దుకుని తెస్తాడు. దాన్ని సీసా అడుగున నట్టనడుమ అతికిస్తారు. తర్వాత గొట్టానికి, సీసా మెడకు నడుమ ముందే నొక్కి సన్నం చేసిన చోట ఒక నీటి చుక్క వేసి తడతారు. ఆ చోట గాజు ఒక్కసారిగా చల్లారి చిట్లుతుంది, గొట్టం విడిపోతుంది. ఇప్పుడు సీసా అడుగు వైపు నుంచి కడ్డీ మీద నిలిచి ఉంటుంది, తెగిన మూతి స్వేచ్ఛగా బయట ఉంటుంది. దాన్ని మళ్లీ మంటలో కాచి, అంచు గుండ్రం చేసి, కావాలంటే చుట్టూ గాజు తీగ చుట్టి పెదవి కట్టి, బిరడా పట్టేలా తీర్చుతారు. ఆఖరున కడ్డీని తట్టి సీసాను విడదీసి, చల్లార్చే కొలిమిలో పెట్టి, సుమారు 550 డిగ్రీల దగ్గర నుంచి మెల్లగా వేడి దించుతారు. అలా దించకపోతే గాజు లోపల బిగువు మిగిలి, తర్వాత ఎప్పుడో ఒకరోజు ఏ దెబ్బా తగలకుండానే పగులుతుంది.

ఈ పనిలో అసలు నేర్పు అతికించడంలో ఉంది. అతుకు పని జరిగినంతసేపూ ఊడకూడదు, పని కాగానే ఊడిరావాలి. కడ్డీ కొసన ఉన్న ముద్ద మరీ వేడిగా ఉంటే సీసా అడుగులో కలిసిపోతుంది, విడదీసేటప్పుడు అడుగే ఊడి వస్తుంది. మరీ చల్లగా ఉంటే మూతి పని నడుమలోనే సీసా జారి నేల మీద పడుతుంది. అందువల్ల ముద్దను సీసా కంటే కొంచెం చల్లగా, ఎక్కువ వెడల్పు లేకుండా తాకించాలి. కొందరు పనివారు ముద్దను ఇసుకలో అద్ది అతికించేవారు. నడుమ ఉన్న ఇసుక రేణువులు రెండు గాజులను పూర్తిగా కలవనివ్వవు కాబట్టి అతుకు తేలికగా వీడుతుంది.

కొబ్బరికాయ ముచ్చిక ఊడిన చోట మిగిలే గుర్తును కోనసీమలో పిల్లలు కూడా గుర్తిస్తారు. కాయ పెరిగినంత కాలం దేన్ని పట్టుకుని ఉందో ఆ గుర్తు చెబుతుంది. పాంటిల్ గుర్తు కూడా అలాంటి తొడిమ మచ్చే. కాకపోతే అది సీసా పుట్టినప్పటి పట్టు కాదు, మూతి తీర్చిన ఆఖరి కాసేపటి పట్టు.

గాజును ఊది పాత్రలు చేసే పద్ధతి క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో మధ్యధరా సముద్రపు తూర్పు తీరంలో మొదలైంది. తొలినాళ్ల పాత్రల మూతులను చాలావరకు చల్లారాక కోసి, రాతి మీద నూరేవారు. అలా చేస్తే పాంటిల్ అక్కర్లేదు. మూతిని మంటలోనే తీర్చాలన్న కోరిక కలిగాకనే ఈ కడ్డీ పనిలోకి వచ్చింది. కిరోసిన్ లాంతరు చిమ్నీకి ఈ మచ్చ ఉండకపోవడానికీ కారణం ఇలాంటిదే: దానికి అడుగే లేదు, రెండు వైపులా కోసిన గొట్టం అది.

మచ్చల్లో తేడాలు

మచ్చలన్నీ ఒకలా ఉండవు. కడ్డీకి బదులు బోలు గొట్టాన్నే వాడి ఉంటే ఉంగరంలాంటి పదునైన గీత మిగులుతుంది, దాని నడిమి భాగం మామూలు సీసా అడుగులాగే నున్నగా ఉంటుంది. గట్టి కడ్డీ కొసన గాజు ముద్ద వాడి ఉంటే నడుమ కూడా నిండుగా గరుకు ఉంటుంది. ఇసుక అద్దిన రకంలో వెడల్పాటి వలయంలో రేణువులు గుచ్చుకున్నట్టు చిన్న చిన్న మిట్టలు చేతికి తగులుతాయి. 19వ శతాబ్దం నడిమి దశాబ్దాల్లో, ముఖ్యంగా అమెరికా సీసాల్లో, గాజు ముద్ద లేకుండా కాల్చిన ఇనుప కొసనే నేరుగా తాకించిన రకం కనిపిస్తుంది. అక్కడ ఎర్రగానో నల్లగానో ఇనుప మరక ఉంటుంది. ఆ మరకను మురికి అనుకుని ఆమ్లంతో కడిగితే ఉన్న ఏకైక సాక్ష్యం పోతుంది.

ఖరీదైన గ్లాసులకూ గిన్నెలకూ మచ్చను నూరి మెరుగుపెట్టేవారు. అలాంటి చోట నున్నటి గుండ్రని పల్లం మాత్రమే మిగులుతుంది. కాబట్టి గరుకు లేనంత మాత్రాన పాంటిల్ వాడలేదని చెప్పలేము.

గాజులకు, అంటే చేతి గాజులకు, ఈ పేరు వర్తించదు. ఫిరోజాబాద్ పద్ధతిలో కరిగిన గాజు తీగను తిరిగే రోకలి మీద చుట్టగా చుట్టి, కోసి, ఒక్కో గాజు కొసలను మంట మీద అతుకుతారు. గాజు మీద చేతికి తగిలే చిన్న మిట్ట ఆ అతుకు. పేరంటంలో మలారం విప్పి చూపించే గాజు మీద ఉన్న గుర్తుకు, సీసా అడుగున ఉన్న గుర్తుకు పోలిక లేదు.

డెల్టాకు ఈ సీసాలు ఎలా చేరాయి

17, 18వ శతాబ్దాల్లో నేతబట్టల కోసం ఐరోపా కంపెనీలు ఈ తీరానికి వచ్చాయి. డచ్చివారి వర్తక స్థావరాలు పాలకొల్లు, నరసాపురం, ద్రాక్షారామం, కాకినాడ పక్కన జగన్నాథపురంలో ఉండేవి. ఇంగ్లీషువారివి మాధవాయిపాలెం, ఇంజరం, బెండమూర్లంకలో ఉండేవి. ఫ్రెంచివారు 1723లో యానాంలో అడుగుపెట్టారు, 1954 వరకు ఉన్నారు. బట్టలు ఇక్కడి నుంచి ఓడ ఎక్కాయి, సారాయి, మందులు, సువాసన నూనెలు సీసాల్లో దిగాయి. లోపలి సరుకు అయిపోయాక సీసా అవతల పారేసే వస్తువు కాదు. నూనెకో, తేనెకో, కషాయానికో తరాల తరబడి పనికి వచ్చేది. కాబట్టి ఒక సీసా ఒక ఇంట్లో 1900 నాటి సామానుతో దొరికినా అది అంతకు చాలా ముందు తయారై ఉండవచ్చు.

ఇన్ని సీసాలు బయటి నుంచే రావడానికి ఇక్కడి ఇసుక కూడా ఒక కారణం. గోదావరి ఇసుక ఇళ్లు కట్టడానికి పేరుపడ్డది, గాజుకు మాత్రం అంత పనికిరాదు. దక్కను నల్లరాతి నేలల మీదుగా వచ్చే నది తనతో ఇనుము ఉన్న ఖనిజ రేణువులను తెస్తుంది. ఇనుము కొద్దిగా ఉన్నా గాజు ఆకుపచ్చకు తిరుగుతుంది. ఆంధ్రలో గాజుకు వాడే తెల్లటి ఇసుక గూడూరు దగ్గర చిల్లకూరు, కోట ప్రాంతాల్లో దొరుకుతుంది. పాత ఐరోపా సీసాల ముదురు రంగుకు కారణం కూడా చాలావరకు ఇసుకలోని ఇనుమే.

పాంటిల్ ఎందుకు తప్పుకుంది

19వ శతాబ్దంలో సీసాలకు గిరాకీ పెరిగింది. అడుగున ముద్ద అతికించి, మళ్లీ విరిచి, మచ్చను సరిచేసే పని పెద్ద ఎత్తున చేసే తయారీకి బరువైంది. 1850ల నుంచి ఒక కొత్త పట్టు వ్యాపించింది: కడ్డీ కొసన స్ప్రింగు చేతులు ఉంటాయి, అవి సీసా పొట్టను చుట్టూ నుంచి పట్టుకుంటాయి, అడుగును ముట్టుకోవు. దీని ఫలితం సీసా అడుగు మీద స్పష్టంగా కనిపిస్తుంది. మచ్చ పోయింది, ఆ ఖాళీ జాగాలో తయారీదారు పేరు, అంకెలు మూసలోనే పోతపోసి దింపడం వీలైంది. 1903లో మైకేల్ ఓవెన్స్ అమెరికాలో పూర్తిగా యంత్రంతో సీసాలు చేసే పద్ధతిని తెచ్చాక మూతి కూడా యంత్రంలోనే తయారైంది. అప్పటి నుంచి సీసాల పరిశ్రమకు ఊదేవాడి ఊపిరీ, కడ్డీ పట్టుకునే సహాయకుడూ అవసరం లేకుండా పోయారు. శతాబ్దాల తరబడి చేతి నుంచి చేతికి వచ్చిన నేర్పు ఒక తరంలోనే అంచుకు జరిగింది.

గోలీ సోడా సీసా ఈ మార్పు నడుమ పుట్టినది. ఇంగ్లండుకు చెందిన హైరమ్ కాడ్ 1870ల తొలినాళ్లలో దీనికి పేటెంటు పొందాడు. లోపలి గ్యాసు ఒత్తిడి గోలీని పైకి నెట్టి, మూతిలోని రబ్బరు వలయానికి అదిమి పెడుతుంది. గోలీ లోపలికి వెళ్లాలంటే మూతి ముందు వెడల్పుగా ఉండాలి, వెళ్లాక మళ్లీ కాచి సన్నం చేయాలి. అంటే ఇక్కడ కూడా చిక్కంతా మూతి పనిలోనే ఉంది. అయితే అప్పటికి పొట్టను పట్టుకునే సాధనం వచ్చేసింది కాబట్టి గోలీ సోడా సీసా అడుగున పాంటిల్ మచ్చ ఉండాల్సిన అవసరం లేదు. రామచంద్రపురంలో 1919లో మొదలైన శీతల పానీయాల సంస్థ ఆర్టోస్ తొలి రోజుల సోడా సీసా అని చెప్పి, దాని అడుగు గీతను పాంటిల్ గుర్తుగా చూపించడం రెండు వేర్వేరు కాలాల పనితనాన్ని కలిపేయడమే.

తెలుగులో ఏమనవచ్చు

కడ్డీకి ‘పట్టుకడ్డీ’, మచ్చకు ‘బొడ్డుమచ్చ’ అనే మాటలు అర్థాన్ని దగ్గరగా పట్టుకుంటాయి. బొడ్డు అనేది బండిచక్రం నడిమి భాగానికీ చెల్లే మాట, ఒకప్పటి అతుకు తెగిన గుర్తు అనే భావమూ అందులో ఉంది. ఇవి ఇక్కడ సూచిస్తున్న మాటలే గాని ఇప్పటికే స్థిరపడినవి కావు. సీసా (పారసీ నుంచి వచ్చింది), కుప్పె (పాత తెలుగు మాట) రెండూ తెలుగులో కలిసి బతికినట్టే, పాంటిల్, బొడ్డుమచ్చ పక్కపక్కన ఉండడంలో ఇబ్బంది లేదు. మ్యూజియం చీటీ మీద మొదటిది, వివరణలో రెండోది వాడుకోవచ్చు.

మచ్చను ఎలా చదవాలి

వయసు కట్టడానికి అడుగు ఒక్కటే చాలదు. మూస సగాలు కలిసిన చోట సీసా పక్కన పడే అతుకు గీత ఎక్కడ ఆగిందో చూడాలి. అది పెదవి కిందే ఆగిపోతే మూతిని చేత్తో తీర్చారని, పెదవి మీదుగా పైదాకా పోతే యంత్రంలో చేశారని అనుకోవచ్చు. ఓవెన్స్ యంత్రపు సీసాల అడుగున కూడా ఒక వలయం ఉంటుంది. అది గాజు కోసిన గీత, తరచుగా నడిమికి కాక పక్కకు జరిగి ఉంటుంది, వేలికి గరుకుగా తగలదు. దీన్ని పాంటిల్ అని పొరబడడం చాలా మామూలు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఒకటుంది. పాంటిల్ ఇప్పటికీ వాడుకలో ఉంది. 1962లో అమెరికాలోని టొలీడోలో గాజు కళాకారుడు హార్వీ లిటిల్‌టన్ నడిపిన శిక్షణ తరగతులతో కళాకారుల సొంత కొలిమిల ఉద్యమం ఊపందుకుంది. ఈనాటికీ చేత్తో ఊదే పాత్రకు అదే కడ్డీ, అదే మచ్చ. పాత నమూనా చూసి చేసే కొత్త సీసాకు కూడా నిజమైన పాంటిల్ గుర్తు పడుతుంది. అందుకే గుర్తు ఉందంటే ‘చేతి పని’ అని అనవచ్చు గాని ‘పాతది’ అని అనడానికి లేదు.

తడి మట్టిలో పడి ఉన్న గాజు మీద ఇంద్రధనుస్సు రంగులు తేలడం వయసుకు మరో నమ్మకమైన ఆధారంగా చెబుతుంటారు. ఏడాదిలో కొన్ని నెలలు నీటిలో నాని, కొన్ని నెలలు ఎండే డెల్టా మట్టిలో గాజు పైపొరలోని సోడా కరిగిపోతుంది, మిగిలిన పలుచని పొరల మీద వెలుగు చెదిరి రంగులు కనిపిస్తాయి. ఆ మార్పు వేగం మట్టినీ, తేమనూ, గాజు పాళ్లనూ బట్టి మారుతుంది. దాన్ని ఏళ్ల లెక్కగా మార్చలేము.

అమ్మకం సంగతికి వస్తే, పురావస్తువులు, కళానిధుల చట్టం, 1972 ప్రకారం కనీసం 100 ఏళ్లు నిండిన, చారిత్రక ఆసక్తి గల వస్తువు పురావస్తువు కిందికి రావచ్చు. అలాంటి వాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి, సొంతంగా విదేశాలకు పంపడం కుదరదు. ‘పాంటిల్ సీసా, రెండు వందల ఏళ్లది’ అని ప్రకటించేవారు ఆ మాటతోనే ఈ చట్టాన్ని ముందుకు తెచ్చుకుంటున్నారు.

కాలువ పూడికలో సీసా దొరికితే వెంటనే తోమి మెరిపించడం సరి కాదు, రంగుల పొర రాలిపోతుంది, అడుగు మరకలు పోతాయి. మెత్తని గుడ్డతో మట్టి తుడిచి, నీడన ఆరబెట్టి, ఏటవాలు వెలుగులో అడుగునూ పెదవినీ ఫోటో తీయాలి. ఏ కాలువ, ఏ లాకు దగ్గర, ఎంత లోతున దొరికింది, పక్కన ఏ పెంకులు ఉన్నాయన్నది ఒక చీటీ మీద రాసి దానితో పాటే దాచాలి. సీసా తయారైన తీరును అడుగున ఉన్న మచ్చ చూపిస్తుంది. అది ఏ కాలంలో ఈ డెల్టా మట్టిలోకి చేరిందో తేల్చడానికి పరిశీలకులకు ఆ చీటీ కావాలి.